రైటర్‌లో పేరాల మధ్య ఖాళీ ఒక్కో కథకి ఒక్కోలా వస్తోంది

పేజీలోపేజీ | హైదరాబాద్

అందరికీ నమస్కారం. ఒక మిత్రుడి కథల సంపుటికి పేజీలు కడుతున్నాను. లిబ్రెఆఫీస్ రైటర్ 24.2, విండోస్ 11, పుస్తకం సైజు డెమీ 1/8. కథలు ఏళ్ల తరబడి వేర్వేరు చోట్ల టైపు చేసినవి. కొన్ని వర్డ్ ఫైళ్లు, కొన్ని వాట్సాప్‌లో పంపినవి, ఒకటో రెండో బ్లాగులోంచి కాపీ చేసినవి. అన్నీ తెచ్చి ఒకే ఫైల్లో పెట్టాను. తలనొప్పి అక్కడ మొదలైంది.

ఒక కథలో పేరాల మధ్య వేలెడు ఖాళీ, పక్క కథలో అసలు ఖాళీయే లేదు. "డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్"లోకి వెళ్లి పేరా కింద ఖాళీ సున్నా ఇస్తే సగం పేరాలు మాట విన్నాయి, సగం వినలేదు. అక్షరాల సైజు 11 నుంచి 12 చేస్తే తెలుగు కదల్లేదు, మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు మాత్రం పెద్దవయ్యాయి! ఎదురెదురు పేజీల్లో లైన్లు ఒక మట్టానికి రావడం లేదు. ప్రెస్‌లో పీడీఎఫ్ ఎప్పుడిస్తారని అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది.

పేరాల మధ్య ఎంత ఖాళీ పెట్టాలి? పుస్తకమంతా ఒకేసారి మారేలా ఎలా చేయాలి?

వర్డ్‌వీరుడు | గుంటూరు

ఎందుకండీ ఇంత తంటా. కంట్రోల్+ఏ కొట్టి అంతా సెలెక్ట్ చేయండి. పేరాగ్రాఫ్ డైలాగ్‌లో పైన సున్నా, కింద సున్నా. అయిపోయింది.

గవర్నరుపేట_కంపోజర్ | విజయవాడ

వీరుడు గారూ, ఇవాళ్టికి అయిపోతుంది. రేపు ఉపశీర్షికలకి పైన కాస్త ఖాళీ కావాలంటే మళ్లీ మొదటికొస్తుంది, వాటికీ సున్నాయే పెట్టేశారు కదా. పైగా ఆ సున్నా స్టైల్లోకి (ఒక పేరు కింద దాచుకున్న ఫార్మాటింగ్‌లోకి) పోదు. ఒక్కో పేరా నెత్తిన విడివిడిగా కూర్చుంటుంది. ఆ తర్వాత స్టైల్లో ఏం మార్చినా ఆ పేరాకి వినబడదు.

పేజీలోపేజీ గారూ, మీ ఫైల్లో మాట వినని సగం పేరాల కథ ఇదే. వాటితో పాటు వాటి పాత ఫార్మాటింగ్ కూడా వచ్చి కూర్చుంది. ముందు ఏ పేరా స్టైల్ మాట వింటోందో, ఏది వినట్లేదో చూడండి. ఎఫ్11 నొక్కితే పక్కన స్టైల్స్ పట్టీ తెరుచుకుంటుంది. దాని అడుగున "స్పాట్‌లైట్" అని ఉంటుంది, 7.6 వెర్షన్ నుంచి వచ్చింది. టిక్ పెట్టండి. ప్రతి పేరాకి ఎడమ పక్క ఒక రంగు, ఒక అంకె కనబడతాయి. ఒకే స్టైల్‌కి ఒకే రంగు. ఆ రంగు మీద అడ్డగీతలు ఉన్నాయంటే ఆ పేరాకి స్టైల్ కాకుండా పైపై ఫార్మాటింగ్ కూడా ఉన్నట్టు. మీ ఫైలు హోలీ ఆడినట్టు కనబడుతుందని నా అంచనా.

పైపై ఫార్మాటింగ్ తీసేయడానికి ఆ భాగం సెలెక్ట్ చేసి కంట్రోల్+ఎమ్. కానీ ఆగండి. అది బోల్డ్‌నీ, వాలు అక్షరాల్నీ కూడా ఊడ్చేస్తుంది. కథలో రచయిత కావాలని బోల్డ్ చేసిన మాటలుంటే ముందు వాటికి క్యారెక్టర్ స్టైల్ ఇవ్వండి. "స్ట్రాంగ్ ఎంఫసిస్" అని తయారుగా ఉంటుంది. స్టైల్‌గా ఇచ్చినవి కంట్రోల్+ఎమ్‌కి పోవు.

పేజీలోపేజీ

స్పాట్‌లైట్ పెట్టి చూశాను సార్. హోలీ అన్నారు, అంతకంటే ఎక్కువే ఉంది. ఒక కథలో "డిఫాల్ట్", ఒక కథలో "బాడీ టెక్స్ట్", బ్లాగు నుంచి తెచ్చినవాటికి "నార్మల్ వెబ్". చాలావాటి మీద అడ్డగీతలు.

మరి సైజు సంగతి? తెలుగు ఎందుకు కదలట్లేదు?

చిన్నక్షరం | బెంగళూరు

అది దాదాపు ప్రతి తెలుగువాడూ రైటర్‌లో మొదట తగిలే గోడ. రైటర్ ప్రతి స్టైల్‌లోనూ ఫాంటుని లిపిని బట్టి విడివిడిగా దాచుకుంటుంది. ఇంగ్లీషు లాంటి లిపులకి "వెస్టర్న్". తెలుగు, హిందీ, అరబిక్ లాంటివాటికి "కాంప్లెక్స్", పాత వెర్షన్లలో దీన్నే సీటీఎల్ అనేవారు. మీరు వెస్టర్న్‌లో 12 ఇచ్చారు, తెలుగు కాంప్లెక్స్‌లో ఉన్న సైజుకే కట్టుబడి ఉంది.

టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లోకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కి టిక్ ఉందో లేదో చూడండి, అక్కడే భాష తెలుగు అని పెట్టండి. తర్వాత స్టైల్‌ని రైట్ క్లిక్ చేసి మాడిఫై, ఫాంట్ ట్యాబ్‌లో కాంప్లెక్స్ కింద ఫాంటు, సైజు ఇవ్వండి. వెస్టర్న్‌లో ఇంగ్లీషుకి విడిగా ఇవ్వండి, సైజు రెండూ ఒకటే కానక్కర్లేదు. 12 పాయింట్ల తెలుగు పక్కన 12 పాయింట్ల ఇంగ్లీషు పెద్దగా అరుస్తున్నట్టుంటే 10.5 చేసి చూడండి, ఫాంటుని బట్టి ఉంటుంది.

మీ లైన్ల ఎడం సమస్యకి కూడా వేరు ఇక్కడే ఉంది. లైన్ స్పేసింగ్ "సింగిల్" అని ఉంటే ఎంత ఎడం రావాలో ఫాంటు చెబుతుంది. తెలుగు ఫాంట్లు పైన గుడి దీర్ఘాలకీ, కింద ఒత్తులకీ చోటు పెట్టుకుంటాయి కాబట్టి వాటి లైను ఎత్తు ఎక్కువ. ఇంగ్లీషు ఫాంటుకి తక్కువ. ఒక లైను మొత్తం ఇంగ్లీషులో ఉందనుకోండి, అక్కడ ఎడం తగ్గుతుంది. ఎక్కడైనా ఇంకో తెలుగు ఫాంటు దూరి ఉంటే అక్కడ ఇంకో రకంగా ఉంటుంది. ఫాంటు మారిస్తే పుస్తకం మొత్తం పేజీల లెక్క మారిపోయేది కూడా ఇందుకే.

మందు ఒకటే. లైన్ స్పేసింగ్‌ని "ఫిక్స్‌డ్" చేసి పాయింట్లలో అంకె ఇవ్వండి. ఫాంటు ఏమన్నా సరే, లైనుకీ లైనుకీ అంతే.

వర్డ్‌వీరుడు

వర్డ్‌లో దాన్ని "ఎగ్జాక్ట్‌లీ" అంటారు. నేనూ ఒకసారి పెట్టాను, కింది ఒత్తులు కోసుకుపోయాయి. అప్పటి నుంచి ముట్టుకోను.

గవర్నరుపేట_కంపోజర్

అంకె చాలకపోతే కోసుకుపోతాయి. ఎంతివ్వాలో ఊహించొద్దు, పరీక్షించి చూడాలి. పై లైన్లో "జ్యోత్స్న", "సంస్కృతి", "రాష్ట్రం", దాని కిందే "క్రీడ", "స్త్రీ", "శ్రీశ్రీ" లాంటి మాటలు పడేలా ఒక పిచ్చి పేరా టైపు చేయండి. పై ఒత్తు కింది గుడిని తాకకుండా ఉండే అంకె ఏదో దాని మీద ఒక్క పాయింటు ఎక్కువ పెట్టండి. 12 పాయింట్ల అక్షరానికి ఎక్కువ ఫాంట్లలో 18 దగ్గర ఆగుతుంది. కొన్నిటికి 19, 20 కావాలి. స్క్రీన్ మీద చూసి తేల్చొద్దు, ఒక పేజీ ప్రింటు తీసి చూడండి. స్క్రీన్ మీద తెగినట్టు కనబడ్డవి కాగితం మీద బాగానే ఉండొచ్చు.

ఇక అసలు ప్రశ్న, పేరాల మధ్య ఎంత ఖాళీ? కథల పుస్తకానికి నా జవాబు: సున్నా. మొదటి లైను లోపలికి జరపండి (ఇండెంటు), చాలు.

వానజల్లు | ఖమ్మం

కంపోజర్ అన్నా, నాకిది నచ్చదు. ఈ రోజుల్లో అందరూ ఫోన్లో చదివి అలవాటు పడ్డారు. పేరా పేరాకి ఖాళీ ఉంటే కంటికి హాయి. కిక్కిరిసిన పేజీ చూస్తే చదవబుద్ధి కాదు.

గవర్నరుపేట_కంపోజర్

తమ్ముడూ, ఫోనుకి పేజీ లేదు, కాగితం ఖర్చూ లేదు. ఇక్కడ రెండూ ఉన్నాయి. లెక్క చూద్దాం.

డెమీ 1/8 అంటే సుమారు 5.5 x 8.5 అంగుళాలు. ఎత్తు 8.5 అంగుళాలు, అంటే అంగుళానికి 72 చొప్పున 612 పాయింట్లు. లైనుకి 18 చొప్పున 27 లైన్లు పెడితే 486. మిగిలిన 126 పాయింట్లు, అంటే అంగుళం ముప్పావు, పై మార్జినుకీ కింది మార్జినుకీ పేజీ నంబరుకీ సరిపోతుంది. ఇది మర్యాదైన పేజీ, కిక్కిరిసింది కాదు.

ఇప్పుడు పేరాల మధ్య అర లైను, 9 పాయింట్లు పెట్టారనుకోండి. కథలో సంభాషణలుంటాయి, ఒక్కో మాట ఒక్కో పేరా. పేజీకి సగటున ఏడు ఖాళీలు అనుకుందాం, తక్కువే చెప్తున్నాను. 63 పాయింట్లు, మూడున్నర లైన్లు పోయాయి. 27 లైన్ల పేజీ 23.5 లైన్ల పేజీ అయింది. 160 పేజీల పుస్తకం 184కి వెళ్తుంది. ఫారానికి (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచే కట్ట) 16 పేజీలు కాబట్టి పది ఫారాలు పదకొండున్నర అవుతాయి. రచయిత సొంత డబ్బుతో వేసుకుంటున్నాడు, ఆ ఒకటిన్నర ఫారం కాగితం, అచ్చు, బైండింగు ఎవరు భరిస్తారు?

డబ్బు పక్కన పెట్టినా, సంభాషణల మధ్య ఖాళీ వస్తే ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉండదు. "వచ్చావా?" అని ఒకడు, అంత ఖాళీ, "వచ్చాను" అని ఇంకొకడు. కథ ఊపు పోతుంది.

వానజల్లు

ఫారాల లెక్క ఒప్పుకున్నా అన్నా. కానీ వ్యాసాలకి, వంటల పుస్తకాలకి, పాఠాలకి మాత్రం ఖాళీ ఉండాల్సిందే. నేను ఆ పుస్తకాలే చేస్తా, అందుకే అట్ల అన్న.

గవర్నరుపేట_కంపోజర్

దానికి నాకూ పేచీ లేదు. వెతుక్కుని చదివే పుస్తకాలకి ఖాళీ, సాగి చదివే పుస్తకాలకి ఇండెంటు. రెండూ కలిపి పెడితే మాత్రం ఒప్పుకోను. ఇండెంటూ ఉండి ఖాళీ కూడా ఉంటే పేజీకి చొక్కా మీద చొక్కా తొడిగినట్టు ఉంటుంది.

పేజీలోపేజీ

ఇండెంటే ఖాయం చేశాను. ఎంత లోపలికి? టైపు చేసినవాళ్లు కొందరు ట్యాబ్ కొట్టారు, కొందరు ఐదారు స్పేసులు కొట్టారు. పేరాల మధ్య ఖాళీ కోసం ఎంటర్ రెండుసార్లు కొట్టినవీ ఉన్నాయి.

చిన్నక్షరం

అవన్నీ ముందు ఊడ్చాలి. కంట్రోల్+హెచ్, అదర్ ఆప్షన్స్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్‌కి టిక్. వెతికే పెట్టెలో ^$ అని రెండు గుర్తులు, రీప్లేస్ పెట్టె ఖాళీగా వదిలేసి రీప్లేస్ ఆల్. ఖాళీ పేరాలన్నీ పోతాయి. తర్వాత ^ గుర్తు, ఒక స్పేసు, + గుర్తు ఇచ్చి మళ్లీ రీప్లేస్ ఆల్. పేరా మొదట్లో ఉన్న స్పేసులు పోతాయి. ట్యాబులకి స్పేసు బదులు బ్యాక్‌స్లాష్, దాని పక్కన ఇంగ్లీషు చిన్న అక్షరం "టీ" (\t).

కానీ ఖాళీ పేరాలు ఊడ్చే ముందు ఒక్కసారి పుస్తకమంతా తిరగేయండి. కథలో ఒక సన్నివేశం అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట రచయిత ఖాళీ లైను వదిలి ఉంటాడు. అవి కూడా ఊడ్చుకుపోతాయి. ముందే అక్కడ * పెట్టుకోండి.

గవర్నరుపేట_కంపోజర్

చిన్నక్షరం గారు చెప్పిన చుక్కల (*) సంగతి బంగారం. సన్నివేశం మారేచోట వట్టి ఖాళీ వదిలితే, అది పేజీ అడుగునో నెత్తినో పడ్డప్పుడు పాఠకుడికి కనబడదు. ఇద్దరు పాత్రలు ఒక్క లైన్లో పదేళ్లు దాటేస్తారు. మూడు చుక్కలు పెట్టి దానికి "విరామం" అని ఒక స్టైల్ చేయండి. మధ్యకి అలైన్, లైను 18, ఇండెంటు సున్నా, "కీప్ విత్ నెక్స్ట్ పేరాగ్రాఫ్" టిక్. అప్పుడు చుక్కలు పేజీ అడుగున ఒంటరిగా మిగలవు.

ఇండెంటు 18 పాయింట్లు పెట్టండి, లైను ఎడం ఎంతో అంతే. తెలుగక్షరాలు వెడల్పు కాబట్టి 10, 12 పెడితే లోపలికి జరిగినట్టే అనిపించదు. శీర్షిక కింద మొదటి పేరాకి ఇండెంటు తీసేయడం ఇంగ్లీషు పుస్తకాల పద్ధతి. మన పాత పుస్తకాల్లో ఎక్కువగా అన్ని పేరాలకీ ఉంటుంది. నేను అన్నిటికీ పెడతాను. మీ ఇష్టం.

అన్నట్టు టూల్స్, ఆప్షన్స్, రైటర్, జనరల్‌లో కొలత "పాయింట్" చేసుకోండి. సెంటీమీటర్లలో ఈ లెక్కలు చేయలేం.

అను_అభిమాని | నెల్లూరు

ఇంత బాధ ఎందుకో నాకర్థం కాదు. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పాతికేళ్ల బట్టి అదే. ఒత్తు తెగదు, లైను కదలదు.

చిన్నక్షరం

కదలదు నిజమే, పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ కొత్త వెర్షనే తేలేదు కదా. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అందులో చేసిన పుస్తకం నుంచి ఒక పేరా కాపీ చేసి ఈ చర్చలో పేస్ట్ చేయండి చూద్దాం, ఎవరికైనా చదవడానికి వస్తుందేమో.

అను_అభిమాని

చదవాల్సింది పుస్తకం అండి, ఫైలు కాదు.

నిర్వాహకుడు

యూనికోడ్, అను గొడవకి వేరే చర్చ ఉంది, అక్కడ ఇప్పటికే చాలా వేడిగా సాగుతోంది. ఇక్కడ పేరాల సంగతి మాట్లాడుకుందాం.

టెక్‌పిచ్చి | వరంగల్

ఆలస్యంగా వచ్చాను. పేరాల ఎడం గురించి మాట్లాడుతూ లేటెక్ (టెక్ మీద నడిచే, కోడ్ రాసి పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్) ఊసే ఎత్తకపోతే ఎలా? టెక్ చేసిన డొనాల్డ్ క్నూత్ ఈ విషయాన్ని 1970ల చివర్లోనే తేల్చేశాడు. అక్కడ రెండు కొలతలు: పార్‌ఇండెంట్ (మొదటి లైను ఎంత లోపలికి), పార్‌స్కిప్ (పేరాల మధ్య ఎంత ఖాళీ). 10 పాయింట్ల ఆర్టికల్ క్లాస్‌లో (వ్యాసాల నమూనాలో) పార్‌ఇండెంట్ 15 పాయింట్లు. పార్‌స్కిప్ సున్నా, కానీ అవసరమైతే ఒక పాయింటు సాగొచ్చు అని రాసి ఉంటుంది. ఆ సాగడంలోనే కిటుకుంది. పేజీ అడుగు సమంగా రావడానికి ఒక లైను చోటు మిగిలితే దాన్ని పేరాల మధ్య తలా కాస్త పంచేస్తుంది. రెండు వైపులా అచ్చయ్యే బుక్ క్లాస్‌లో ఇది మామూలుగానే జరుగుతుంది. వద్దనుకుంటే ర్యాగెడ్‌బాటమ్ అని రాస్తే అడుగు ఎక్కడ ఆగితే అక్కడ వదిలేస్తుంది.

వానజల్లు లాగా ఖాళీ కావాలనుకునేవాళ్లు పార్‌స్కిప్ అంకె చేత్తో మార్చొద్దు. విషయసూచిక, జాబితాలు కూడా వదులైపోతాయి. పార్‌స్కిప్ అనే పేరుతోనే ప్యాకేజీ ఉంది, అది వాటిని సర్దుతుంది. కోడ్ రాయడం భయమైతే లిక్స్ (మెనూలతో లేటెక్ నడిపే ప్రోగ్రాం) వాడండి. డాక్యుమెంట్, సెట్టింగ్స్, టెక్స్ట్ లేఅవుట్‌లో పేరాలని ఇండెంటుతో విడదీయాలా, నిలువు ఖాళీతో విడదీయాలా అని అడుగుతుంది. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. కంపోజర్ గారి చొక్కా సూత్రం అందులోనే ఉంది. తెలుగుకి జీటెక్ (యూనికోడ్ తెలిసిన టెక్), ఫాంట్ల కోసం ఫాంట్‌స్పెక్, భాషల కోసం పాలీగ్లాసియా ఉంటే చాలు.

వర్డ్‌వీరుడు

జీటెక్ అంటే ఏదో ఆయిల్ కంపెనీ అనుకున్నా.

పేజీలోపేజీ

టెక్‌పిచ్చి గారూ, తర్వాతి పుస్తకానికి తప్పకుండా చూస్తాను. ప్రస్తుతం పీకల మీద ఉంది, రైటర్‌లోనే గట్టెక్కాలి.

ఊడ్చడం అయింది. "కథ పేరా" అని కొత్త స్టైల్ చేశాను: తెలుగు 12, ఇంగ్లీషు 10.5, లైను ఫిక్స్‌డ్ 18, పైన కింద సున్నా, మొదటి లైను 18, రెండు వైపులా జస్టిఫై. ఎదురెదురు పేజీల మట్టం కోసం పేజీ స్టైల్‌లో "యూజ్ పేజ్ లైన్-స్పేసింగ్" టిక్ పెట్టి, రిఫరెన్స్ స్టైల్ "కథ పేరా" ఇచ్చాను. బాగా కుదిరింది. కానీ ఉపశీర్షికకి కింద 6 పాయింట్లు ఇస్తే ఒక లైను మొత్తం ఖాళీ వస్తోంది. 3 ఇచ్చినా అంతే. సున్నా ఇస్తేనే పోతోంది!

గవర్నరుపేట_కంపోజర్

అది తప్పు చేయట్లేదు, మీరు చెప్పిందే చేస్తోంది. పేజీ మీద 18 పాయింట్లకి ఒక కనబడని గీత గీసి, ప్రతి లైనూ ఏదో ఒక గీత మీదే కూర్చోవాలన్నారు. మీరు 6 పాయింట్లు కిందికి నెట్టారు, అక్కడ గీత లేదు, తర్వాతి గీత దాకా జారింది.

ఉపశీర్షిక మొత్తం ఎత్తు 18కి గుణిజంలో ఉండాలి. ఉదాహరణకి ఉపశీర్షిక అక్షరం 14 పాయింట్లు, లైను ఫిక్స్‌డ్ 18, పైన 27, కింద 9. కూడితే 54, సరిగ్గా మూడు లైన్లు. ఉపశీర్షిక స్టైల్‌లో మాత్రం ఆ పేజ్ లైన్-స్పేసింగ్ టిక్ తీసేయండి, లేకపోతే దాన్నీ గీత మీదికి లాగుతుంది. పైన ఎక్కువ, కింద తక్కువ ఉండాలన్నది గుర్తుంచుకోండి, శీర్షిక కింది పేరాకి చెందింది కానీ పై పేరాకి కాదు. రెండు పక్కలా సమానంగా ఇస్తే మధ్యలో వేలాడుతుంది.

కథల్లో ఉత్తరాలుంటే వాటికీ ఇదే లెక్క. "ఉత్తరం" అని స్టైల్, పైన 9, కింద 9, రెండు వైపులా మార్జిను 18 లోపలికి. "ఒకే స్టైల్ పేరాల మధ్య ఖాళీ పెట్టొద్దు" అనే అర్థంలో ఇండెంట్స్ అండ్ స్పేసింగ్ ట్యాబ్‌లో ఒక టిక్ ఉంటుంది, పెట్టండి. ఉత్తరం ఎన్ని పేరాలున్నా లోపల ఖాళీ రాదు. మొదట అర లైను, చివర అర లైను, కలిపి ఒక లైను. ఉత్తరం లోపలి లైన్లు గీత మీద ఉండవు, అరలో ఉంటాయి, దీనికీ ఆ టిక్ తీసేయాలి. ఉత్తరం అయ్యాక కథ మళ్లీ గీత మీదికొస్తుంది. అది చాలు.

వర్డ్‌వీరుడు

ఆ టిక్ వర్డ్‌లోనూ ఉంది. అందరూ వర్డ్‌ని తిడుతున్నారు కాబట్టి ఒక మంచి మాట చెప్తా: పేజీలోపేజీ గారి ఒక్కో కథలో ఖాళీ ఒక్కోలా ఎందుకుందో దాన్ని చూస్తే తెలుస్తుంది. వర్డ్ 2003లో పేరాల మధ్య సున్నా, లైను సింగిల్. 2007 నుంచి పేరా కింద 10 పాయింట్లు, లైను 1.15. 2013లో 8 పాయింట్లు, 1.08. ఎవరూ ఏమీ ముట్టుకోకుండా టైపు చేసుకుంటూ పోయినా ఫైలు ఏ కాలం వర్డ్‌లో పుట్టిందో దాని ఎడం దానికి వస్తుంది.

చిన్నక్షరం

దీనికి తోడు ఇంకోటి. పై పేరా కింద 10, కింది పేరా పైన 6 ఉంటే మధ్యలో 16 రావాలా, పెద్దది 10 చాలా? వర్డ్ ఫైళ్లతో పొంతన కోసం రైటర్ రెండూ కూడుతుంది. ఆప్షన్స్‌లో రైటర్ కింద కంపాటిబిలిటీలో "యాడ్ స్పేసింగ్ బిట్వీన్ పేరాగ్రాఫ్స్ అండ్ టేబుల్స్" టిక్ తీస్తే పెద్దదాన్నే తీసుకుంటుంది. ఇది ఫైలు ఫైలుకి మారే సంగతి కాబట్టి, మామూలు పేరాకి రెండు పక్కలా సున్నా ఉంచి, ఖాళీ కావాల్సినవాటికే ఇవ్వడం క్షేమం.

శతకప్రియ | రాజమహేంద్రవరం

నా ప్రశ్న ఇక్కడ అడగొచ్చో లేదో. నేను పిల్లల కోసం వేమన పద్యాలకి తాత్పర్యాలు రాస్తున్నాను. పద్యంలో నాలుగు పాదాలకీ ఎంటర్ కొడితే ప్రతి పాదం తర్వాతా ఖాళీ వస్తోంది. షిఫ్ట్+ఎంటర్ కొడితే ఖాళీ రావట్లేదు కానీ మాటలు ఈ చివరి నుంచి ఆ చివరికి సాగిపోతున్నాయి.

గవర్నరుపేట_కంపోజర్

తప్పక అడగొచ్చమ్మా. షిఫ్ట్+ఎంటరే సరైనది, నాలుగు పాదాలూ ఒకే పేరా కావాలి. మాటలు సాగడం ఎందుకంటే మీ పేరా జస్టిఫైలో ఉంది. పద్యానికి వేరే స్టైల్ చేసి ఎడమకి అలైన్ చేయండి, సాగదు. ఎడమ మార్జిను ఎంత కావాలంటే అంత లోపలికి. టెక్స్ట్ ఫ్లో ట్యాబ్‌లో "డు నాట్ స్ప్లిట్ పేరాగ్రాఫ్" పెట్టండి, రెండు పాదాలు ఈ పేజీలో, రెండు పాదాలు ఆ పేజీలో పడకుండా పద్యం మొత్తం ఒకచోటే ఉంటుంది. "కీప్ విత్ నెక్స్ట్" కూడా పెడితే తాత్పర్యం మొదలు పద్యం ఉన్న పేజీలోనే పడుతుంది.

మీకు పనికొచ్చేది ఇంకోటుంది. "పద్యం", "తాత్పర్యం" అని రెండు స్టైల్స్ చేసి, ఆర్గనైజర్ ట్యాబ్‌లో పద్యానికి "నెక్స్ట్ స్టైల్" తాత్పర్యం అని, తాత్పర్యానికి నెక్స్ట్ స్టైల్ పద్యం అని ఇవ్వండి. పద్యం టైపు చేసి ఎంటర్ కొడితే తాత్పర్యం స్టైల్ దానంతటదే వస్తుంది, అక్కడ ఎంటర్ కొడితే మళ్లీ పద్యం. శతకం మొత్తం మౌస్ ముట్టుకోకుండా టైపు చేయొచ్చు. తాత్పర్యం కింద 18 ఇవ్వండి, పద్యానికీ తాత్పర్యానికీ మధ్య ఏమీ వద్దు.

శతకప్రియ

అబ్బ, ఎంత హాయిగా ఉందండీ! ఇన్నాళ్లూ ఒక్కో పద్యానికీ ఎడమ మార్జిను చేత్తో జరుపుతున్నాను.

తెనాలి_ప్రూఫ్ | తెనాలి

ఇన్‌డిజైన్ (పేజీలు కట్టే అడోబీ సాఫ్ట్‌వేర్) వాళ్లెవరూ మాట్లాడలేదు కాబట్టి రెండు ముక్కలు. స్టైల్ పేరు పక్కన + గుర్తు కనబడితే ఆ పేరా మీద పైపై ఫార్మాటింగ్ ఉన్నట్టు. ఆల్ట్ నొక్కి స్టైల్ పేరు మీద క్లిక్ చేస్తే పోతుంది. తెలుగుకి పేరాగ్రాఫ్ స్టైల్‌లో "అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్" ఎంచుకోవాలి, మామూలు కంపోజర్‌లో ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. పై స్టైల్‌లో పెడితే దాని మీద "బేస్డ్ ఆన్" చేసిన మిగతా స్టైల్స్‌కి అదే వస్తుంది, కాబట్టి ఒకచోట పెడితే చాలు. గీత మట్టానికి "అలైన్ టు గ్రిడ్". ఒకే స్టైల్ పేరాల మధ్య ఎడం విడిగా ఇచ్చే వీలు 2020 వెర్షన్‌లో వచ్చింది.

పేజీలోపేజీ

ఉపశీర్షిక 27, 18, 9 అద్భుతంగా కుదిరింది. రెండు పేజీలు వెలుగుకి అడ్డం పట్టి చూస్తే లైను మీద లైను పడుతోంది. రెండు చోట్ల మాత్రం కింద ఒక లైను ఖాళీ మిగిలింది. ఇంకో ఇబ్బంది, జస్టిఫై వల్ల కొన్ని లైన్లలో మాటల మధ్య పెద్ద గోతులు.

గవర్నరుపేట_కంపోజర్

ఒక లైను మిగలడం ఆర్ఫన్, విడో కంట్రోల్ వల్ల. పేరా మొదటి లైను ఒక్కటే అడుగున, చివరి లైను ఒక్కటే నెత్తిన మిగలకుండా అది లైన్లని జరుపుతుంది. ఈ కట్టడీ, పేజీ అడుగు సమంగా రావడమూ రెండూ కావాలంటే కుదరదు. నేనైతే విడో ఉంచుతాను, ఎందుకంటే "అన్నాడు." అనే ఒక్క మాట కొత్త పేజీ నెత్తిన ఉంటే నాకు నిద్ర పట్టదు. ఆర్ఫన్ తీసేస్తాను. ఇండెంటుతో మొదలైన ఒక లైను పేజీ అడుగున ఉంటే కొంప మునగదు.

చిన్నక్షరం

గోతులకి హైఫనేషన్. తెలుగు మాటలు పొడుగు, లైను చివర పట్టకపోతే మొత్తం కిందికి పోతాయి, మిగిలిన మాటలు సాగుతాయి. ఫాంట్ ట్యాబ్‌లో కాంప్లెక్స్ కింద భాష తెలుగు అని ఉండాలి, టెక్స్ట్ ఫ్లో ట్యాబ్‌లో హైఫనేషన్ టిక్ ఉండాలి, తెలుగు డిక్షనరీ ఇన్‌స్టాల్ అయి ఉండాలి. మూడింట్లో ఏది లేకపోయినా పని చేయదు. వరుసగా రెండు లైన్ల కంటే ఎక్కువ విరగకుండా పరిమితి పెట్టండి. అధ్యాయం పేర్లకీ పద్యాలకీ తీసేయండి.

అను_అభిమాని

పాత లెటర్‌ప్రెస్ పుస్తకాలు చూడండి, చాలావాటిలో మాట విరిచి హైఫన్ కూడా పెట్టరు. చదివేవాడికి తెలుసు, మాట కింద ఉందని.

గవర్నరుపేట_కంపోజర్

అను గారితో మొదటిసారి ఏకీభవిస్తున్నాను. అయినా ఇప్పటి పిల్లలకి హైఫన్ ఉంటేనే మంచిది.

పేజీలోపేజీ

హైఫనేషన్ పెట్టాక గోతులు చాలావరకు పూడాయి. చివరి సందేహం. రచయిత మిత్రుడు తన దగ్గర వర్డ్ ఉందని, ఆఖరి దిద్దుబాట్లు డాక్స్ (.docx) ఫైల్లో చేసి పంపుతానంటున్నాడు. పంపమనొచ్చా?

చిన్నక్షరం

వద్దు. ఈ గీతల మట్టం డాక్స్‌కి వెళ్లి తిరిగొచ్చేసరికి ఏమవుతుందో చెప్పలేం, మళ్లీ అడ్డగీతలు మొదలవుతాయి. అసలు ఫైలు ఓడీటీగా (రైటర్ సొంత ఫార్మాట్) మీ దగ్గరే ఉంచండి. ఆయనకి పీడీఎఫ్ పంపండి, దాని మీదే కామెంట్లు పెట్టమనండి. తప్పులు మీరే ఓడీటీలో దిద్దండి. ఆయన కొత్త పేరా ఏదైనా వాట్సాప్‌లో పంపితే కంట్రోల్+ఆల్ట్+షిఫ్ట్+వి తో పేస్ట్ చేయండి, మాట మాత్రమే వస్తుంది, ఫార్మాటింగ్ రాదు.

గవర్నరుపేట_కంపోజర్

ప్రింటు తీసి ఇస్తే ఇంకా మంచిది, పెన్నుతో దిద్దుతాడు. ప్రెస్‌కి పంపే పీడీఎఫ్‌లో పేజీ సైజు డెమీయే ఉందా, ఏ4 అయిపోయిందా చూసుకోండి. మొత్తం పేజీలు ఎన్నొచ్చాయి?

పేజీలోపేజీ

167 సార్, ముందుమాటతో కలిపి.

గవర్నరుపేట_కంపోజర్

168 అంటే పదిన్నర ఫారాలు. ఒక పేజీ ఖాళీ ఉంది, రచయిత పాత పుస్తకాల పేర్లు వేసేయండి.